నూటికి మూడున్నర వడ్డీ

మా నాన్న చదువు పదో తరగతితో ఆగిపోయింది. తెనాలి దగ్గర మా ఊళ్ళో కిరాణా కొట్టు పెట్టుకున్నాడు. కానీ వడ్డీ లెక్క ఆయన నోటి మీద ఆడేది. నూటికి రెండు రూపాయలంటే నెలకి రెండు, ఏడాదికి ఇరవై నాలుగు. ఏడాదికోసారి వడ్డీని అసల్లో కలిపి నోటు తిరగరాస్తూ పోతే, మూడేళ్ళ మూణ్ణెల్లకి అప్పు రెండింతలవుతుంది. నూటికి మూడైతే రెండేళ్ళ మూణ్ణెల్లు. నూటికి మూడున్నరైతే రెండేళ్ళకే. "మూడున్నర వడ్డీకి తెచ్చుకున్నవాడు బాగుపడగా నేను చూళ్ళేదురా" అనేవాడు.

ఇంజనీరింగ్ రెండో ఏడాదిలో మా లెక్చరర్ బోర్డు మీద ఏటవాలుగా ఓ గీత గీసి, "ఇది మూర్ సూత్రం. చిప్ మీద ట్రాన్సిస్టర్లు రెండేళ్ళకోసారి రెట్టింపు అవుతాయి" అన్నాడు. నాకు పక్కున నవ్వొచ్చింది. రెండేళ్ళకి రెట్టింపంటే నూటికి మూడున్నర వడ్డీ! క్లాసులో అందరూ ఆ గీతని ప్రకృతి నియమంలా రాసుకున్నారు, నేనూ రాసుకున్నాను. పరీక్షలో ఐదు మార్కులు కూడా వచ్చాయి. అయితే నాన్న మాట మటుకు మనసులో ఎక్కడో ఉండిపోయింది. చక్రవడ్డీ తనంతట తాను పెరగదు. దాన్ని ఎవరో కడుతూ ఉండాలి. మరి ఈ వడ్డీ కట్టిందెవరు?

ఇన్నేళ్ళ తర్వాత ఈ వ్యాసం రాయడానికి కారణం ఆ ప్రశ్నే. ఇప్పుడు ఎటు చూసినా పైకి పోయే గీతలే. ఆఫీసు మీటింగుల్లో, బిజినెస్ పేజీల్లో, కృత్రిమ మేధ గురించి మాట్లాడే ప్రతి ఉపన్యాసంలో అవే. వాటిని చూపించే వాళ్ళంతా గీత తనంతట తానే పైకి పోతున్నట్టు మాట్లాడతారు. ఈ గీతలకి పెద్దన్న లాంటిది మూర్ గీత. దాని చరిత్ర ఒకసారి తిరగేస్తే మిగతావాటిని ఎలా చదవాలో కొంత తెలుస్తుంది.

*

1965లో గోర్డన్ మూర్ ఫెయిర్‌చైల్డ్ సెమీకండక్టర్ కంపెనీలో పరిశోధన విభాగానికి అధిపతి. చదివింది రసాయనశాస్త్రం. 'ఎలక్ట్రానిక్స్' అనే పత్రిక తన ముప్పై ఐదేళ్ళ సంచిక కోసం, రాబోయే పదేళ్ళలో మీ రంగంలో ఏం జరుగుతుందో రాయమని ఆయన్ని అడిగింది. ఏప్రిల్ 19 సంచికలో ఆ వ్యాసం వచ్చింది. నాలుగు పేజీలు. అందులో ఒక గ్రాఫ్, దాని మీద 1959 నుంచి 1965 దాకా ఐదంటే ఐదు చుక్కలు. వాటిని కలుపుతూ గీసిన గీతని 1975 దాకా పొడిగించాడు. అప్పటికి ఒక చిప్ మీద అరవై దాకా భాగాలు పడుతున్నాయి. ఏడాదికోసారి రెట్టింపవుతూ పోతే 1975 నాటికి 65 వేలు పడతాయన్నాడు. ఆ వ్యాసంలోనే ఒక కార్టూన్ కూడా ఉంది. ఓ పెద్ద దుకాణంలో సౌందర్య సాధనాల పక్కనే ఇంట్లో వాడుకునే కంప్యూటర్లు అమ్ముతుంటారు. కంప్యూటరంటే గదంత ఉండే రోజుల్లో అది నవ్వుకోడానికే వేసిన బొమ్మ.

ఆ వ్యాసం చదివితే ఆశ్చర్యం వేసేది మరొకటుంది. అందులో భౌతికశాస్త్రం తక్కువ, కొట్టు లెక్క ఎక్కువ. మూర్ అడిగిన ప్రశ్న, ఒక చిప్ మీద ఎన్ని భాగాలు పెడితే ఒక్కోదానికి అయ్యే ఖర్చు అతి తక్కువగా ఉంటుందని. తక్కువ పెడితే ఆ చిప్‌కి పెట్టిన ఖర్చంతా కొద్ది భాగాల మీదే పడుతుంది. మరీ ఎక్కువ కుక్కితే చెడిపోయే చిప్‌లు పెరిగి ఖర్చు మళ్ళీ లేస్తుంది. రెంటికీ మధ్యన అన్నిటికన్నా చౌకైన చోటు ఒకటుంటుంది. ఆ చోటు ఏడాదికేడాదికి పెద్ద సంఖ్యల వైపు జరుగుతోంది. ఇదే ఆయన గమనించింది. మా నాన్నకి చెబితే అర్థమైపోయేది. బస్తా కొంటే కిలో చవక. కానీ కొట్లో పట్టనన్ని బస్తాలు కొంటే పురుగు పట్టి నష్టం.

ఏడాదికోసారి రెట్టింపంటే వడ్డీ నూటికి ఎనిమిది రూపాయల పైమాట. అలాంటి వడ్డీ ఎల్లకాలం ఎవరూ కట్టలేరు. పదేళ్ళు మటుకు లెక్క చెప్పిన దరిదాపుల్లోనే నడిచింది. 1968లో మూర్, రాబర్ట్ నాయిస్ కలిసి ఇంటెల్ పెట్టారు. 1971లో వాళ్ళు అమ్మకానికి తెచ్చిన 4004 ప్రాసెసర్‌లో 2,300 ట్రాన్సిస్టర్లున్నాయి. 1975లో మూర్ తన లెక్కని తనే సవరించుకున్నాడు. ఇకమీదట రెట్టింపవడానికి రెండేళ్ళు పడుతుందన్నాడు. మా ఊరి భాషలో చెప్పాలంటే నోటు తిరగరాశాడు, ఎనిమిది చిల్లర నుంచి మూడున్నరకి. 'మూర్ సూత్రం' అన్న పేరు ఆయన పెట్టుకున్నది కాదు. ఆ పేరుని వాడుకలోకి తెచ్చింది కాల్‌టెక్ ప్రొఫెసర్ కార్వర్ మీడ్ అంటారు. సూత్రం అనగానే దానికో గౌరవం వచ్చింది. మాట తప్పితే అది మన తప్పు అయ్యింది.

4004 దగ్గర మొదలుపెట్టి యాభై ఏళ్ళు, అంటే ఇరవై ఐదు సార్లు, రెట్టింపు చేసుకుంటూ పోతే దాదాపు 7,700 కోట్లు వస్తుంది. 2022లో ఎన్విడియా తెచ్చిన హెచ్100 చిప్‌లో 8,000 కోట్ల ట్రాన్సిస్టర్లున్నాయి. యాభై ఏళ్ళ ముందు రాసిన లెక్క ఇంత దగ్గరగా రావడం చూస్తే ఒళ్ళు జలదరిస్తుంది. అయితే ఇందులో జోస్యం ఎంత, పట్టుబట్టి నిజం చేసుకున్నది ఎంత? 1990ల్లో అమెరికా చిప్ కంపెనీలన్నీ కూర్చుని, ఏ ఏడాదికి ఎంత చిన్న ట్రాన్సిస్టర్ చెయ్యాలో ముందే ఒక దారిపటం రాసుకున్నాయి. 1998 నుంచి యూరప్, జపాన్, కొరియా, తైవాన్ కూడా చేరాయి. యంత్రాలు చేసేవాడు, రసాయనాలు అమ్మేవాడు, చిప్ గీసేవాడు, అందరూ ఆ తేదీలకి తమ పని ముగించాలి. ఎవరైనా ఆలస్యమైతే పోటీవాడు ముందుకెళ్ళిపోతాడన్న భయం. గీతని అందరూ నమ్మారు కాబట్టి అందరూ పరిగెత్తారు. అందరూ పరిగెత్తారు కాబట్టి గీత నిలబడింది. తన మాట తనే నిజమయ్యే మాటగా మారిందని మూర్ కూడా ఒప్పుకున్నాడు.

*

ఇక కట్టినవాళ్ళ సంగతి.

చిప్ చరిత్ర పుస్తకాల్లో కాలిఫోర్నియా గరాజ్‌లు, తెల్లకోట్లు వేసుకున్న మేధావులు చాలామందే కనిపిస్తారు. ఆ చిప్‌లకి జుట్టుకన్నా సన్నటి తీగలు అతికించిన చేతులు మటుకు కనపడవు. ఫెయిర్‌చైల్డ్ 1963లోనే హాంకాంగ్‌లో అసెంబ్లీ కేంద్రం తెరిచింది. అక్కడ కూలి చవక. మైక్రోస్కోపుల ముందు గంటల తరబడి కూర్చుని ఆ పని చేసింది ఎక్కువగా ఆడవాళ్ళే. మూర్ వ్యాసం వచ్చిన 1965లోనే అదే కంపెనీ న్యూమెక్సికోలో నవాహో ఆదివాసుల ప్రాంతంలో, షిప్‌రాక్ అనే ఊళ్ళో మరో కేంద్రం పెట్టింది. ఒక దశలో దాదాపు వెయ్యిమంది నవాహోలు అందులో పనిచేశారు. వాళ్ళలోనూ ఎక్కువమంది స్త్రీలే. 1969లో కంపెనీ వేసిన ఒక కరపత్రంలో నవాహో కంబళి మీది అల్లికనీ, చిప్ మీది గీతల్నీ పక్కపక్కన పెట్టి చూపించారు. తరాలుగా నేత నేసిన చేతులు కాబట్టి ఈ పని వాళ్ళకి సహజంగా వచ్చేస్తుందని దాని భావం. ఇలా 'సహజం' అన్నామంటే ఇక నైపుణ్యానికి కూలి కట్టక్కర్లేదు. 1975లో ఉద్యోగాల తొలగింపు మీద అమెరికన్ ఇండియన్ మూవ్‌మెంట్ వాళ్ళు ఆయుధాలతో ఆ ఫ్యాక్టరీని ఆక్రమించారు. వాళ్ళు వెళ్ళిపోయాక కంపెనీ ఇక దాన్ని తెరవలేదు. మూర్ తన లెక్క తిరగరాసింది ఆ ఏడాదే.

నేల కూడా కట్టింది. చిప్‌లని కడగడానికి వాడే ద్రావకాలు శాన్‌హోసేలో భూమిలోకి ఇంకి తాగునీటి బావిని చేరాయని 1981 చివర్లో బయటపడింది. తర్వాత వెతుక్కుంటూ పోతే ఇంకా చాలా తేలాయి. సిలికాన్ వ్యాలీ అని మనం మురిసిపోయే శాంటాక్లారా కౌంటీలో, ప్రభుత్వం ప్రమాదకరమైన కాలుష్య స్థలాలుగా ప్రకటించినవి అమెరికాలో మరే కౌంటీలోనూ లేనన్ని ఉన్నాయి.

మన దేశం కథ ఇంకోరకం. కిస్తీ తప్పిన వాడి కథ. 1967లో హైదరాబాద్‌లో ఈసీఐఎల్ పుట్టింది. దాని వెనక ఉన్న మనిషి పశ్చిమగోదావరి జిల్లా మోగల్లులో పుట్టిన అయ్యగారి సాంబశివరావు. ఆయన పేరు మీదున్న ఏ.ఎస్.రావు నగర్‌లో నేను మూడేళ్ళు అద్దెకున్నాను, ఆయనెవరో తెలుసుకోకుండానే. 1969లో ఆ సంస్థ టీడీసీ-12 అనే కంప్యూటర్ తయారు చేసింది. అంటే ఇంటెల్ తొలి ప్రాసెసర్‌కి రెండేళ్ళ ముందు. చిప్‌ల తయారీకి 1984లో మొహాలీలో సెమీకండక్టర్ కాంప్లెక్స్ పని మొదలుపెట్టింది. 1989లో అది అగ్నిప్రమాదంలో కాలిపోయింది. మామూలు పరిశ్రమైతే ఐదారేళ్ళ ఆలస్యం ఐదారేళ్ళ ఆలస్యమే. మూడున్నర వడ్డీ నడిచే చోట ఆరేళ్ళు ఆగితే ఎదుటివాడు ఎనిమిది రెట్లు ముందుంటాడు. అప్పు పెరిగినట్టే వెనకబాటు కూడా చక్రవడ్డీతో పెరుగుతుంది. ఆ తర్వాత మనవాళ్ళు చిప్‌లు చెయ్యడం పక్కన పెట్టి, చిప్‌ల మీద నడిచే ప్రోగ్రాములు రాయడానికి వెళ్ళిపోయారు. వాళ్ళలో మా తరం మొత్తం ఉంది.

ఇందులో ఒక తమాషా ఉంది. 1960ల్లో మెమరీ బంగారం ఖరీదు. అందుకని ప్రోగ్రామర్లు ఏడాదిని నాలుగంకెల్లో రాయకుండా 65, 66 అని రెండంకెల్లో రాసుకున్నారు. మెమరీ ఏళ్ళ తరబడి చవకైపోతూ వచ్చినా ఆ పాత ప్రోగ్రాములు బ్యాంకుల్లో అలాగే నడుస్తూ ఉండిపోయాయి. 2000 దగ్గర పడేసరికి ఆ రెండంకెలు గుండెల మీద కుంపటయ్యాయి. వాటిని దిద్దడానికి మనుషులు కావలసొచ్చారు. మా పెద్దమ్మ కొడుకు 1998లో అమీర్‌పేటలో కోబాల్ నేర్చుకుని అమెరికా వెళ్ళింది ఆ పనికే. ఆ ఏడాదే హైటెక్ సిటీలో సైబర్ టవర్స్ ప్రారంభమైంది. మా చుట్టాల్లో తొలి డాలర్లు, గీత ఇంకా కిందున్న రోజుల్లో ఎవరో పొదుపు చేసిన రెండంకెల పుణ్యం.

*

ఇదంతా చదివి నేను గీత మీద కక్ష కట్టానని మీరు అనుకోవచ్చు. లేదు. దాని మీదెక్కి ఇంతదూరం వచ్చినవాణ్ణి. పైగా మీరు ఈ వ్యాసం తెలుగులో చదువుతున్నారంటేనే ఆ గీతకి ఋణపడి ఉన్నట్టు.

1969లో ఇంటెల్ అమ్మిన మొట్టమొదటి సరుకు 3101 అనే మెమరీ చిప్. అందులో 64 బిట్లు, అంటే ఇంగ్లీషులో ఎనిమిది అక్షరాలు పడతాయి. ఇప్పుడు వెబ్‌లో మనం రాసే యూనికోడ్ పద్ధతిలో ఒక్కో తెలుగు గుర్తుకి మూడు బైట్లు కావాలి. 'వడ్డీ' అన్న మాట చూడండి: వ, డ, పొల్లు, మళ్ళీ డ, దీర్ఘం. ఐదు గుర్తులు, పదిహేను బైట్లు. ఆ చిప్‌లో సగం మాట కూడా నిండుగా పట్టదు. గుణింతాలు, ఒత్తులు, ఫాంట్లు, ఇవన్నీ మెమరీ ఖరీదుగా ఉన్నంతకాలం విలాసాలు. మెమరీ ఎవరూ లెక్కపెట్టనంత చవకయ్యాకనే మన ఒత్తులకి చోటు దొరికింది. పదాల మీద ప్రేమ ఎంతున్నా పట్టే చోటు లేకపోతే అది నోట్‌బుక్కుల్లోనే ఉండిపోయేది.

*

2006లో నాకు కంప్యూటర్ కొనడానికి నాన్న నూటికి రెండుకి ముప్పై వేలు తెచ్చాడు. విజయవాడలో షాపుకెళ్ళాం. షాపతను రెండు చూపించాడు. ఒకటి పెంటియం 4, మూడు గిగాహెర్ట్జ్. రెండోది అప్పుడే వచ్చిన కోర్ 2 డ్యుయో, 1.86 గిగాహెర్ట్జ్. ఖరీదు రెండోదే ఎక్కువ. నాన్న కళ్ళజోడు సవరించుకుని, "పాతదానికి మూడుంది, కొత్తదానికి రెండు కూడా లేదు. మరి దీనికెందుకండీ ఎక్కువ?" అనడిగాడు. షాపతను "కొత్త మోడల్ సార్" అని ఊరుకున్నాడు. నేను సిగ్గుతో చచ్చిపోయాను.

ఆ రోజు నాన్న వేలు పెట్టింది సరిగ్గా గీత విరిగిన చోటని నాకు చాలా ఏళ్ళ తర్వాత అర్థమైంది. ఐబీఎంలో రాబర్ట్ డెన్నార్డ్, తోటి ఇంజనీర్లు 1974లో ఒక సంగతి చూపించారు. ట్రాన్సిస్టర్ చిన్నదయ్యేకొద్దీ దానికి కావలసిన కరెంటూ అదే పాళ్ళలో తగ్గుతుంది. అందుకే ఎన్ని కుక్కినా చిప్ కాలిపోలేదు, వేగం పెంచుకుంటూ పోయారు. 2005 దరిదాపుల్లో ఆ వెసులుబాటు అయిపోయింది. మరీ చిన్నవైన ట్రాన్సిస్టర్లు ఆపినా ఆగకుండా కరెంటు కారడం మొదలుపెట్టాయి. వేడి పెరిగింది. వేగం మూడు, నాలుగు గిగాహెర్ట్జ్ దగ్గర ఆగిపోయింది. ఇక ఒకే మెదడుని వేగంగా నడపలేక, నెమ్మదిగా నడిచే రెండు మెదళ్ళు పెట్టారు. నాన్న చూసిన 1.86 అదే. ట్రాన్సిస్టర్ల సంఖ్య పెరుగుతూనే ఉంది, కానీ ఆ పెరుగుదల వేగంగా మారి మన చేతికి ఉచితంగా అందడం ఆగిపోయింది. హెర్బ్ సట్టర్ 2005లోనే, ఉచిత భోజనాలు అయిపోయాయి, ఇక ప్రోగ్రామర్లు చెమటోడ్చాలని రాశాడు.

మేం చెమటోడ్చామా అంటే చెప్పడం కష్టం. నిక్లాస్ విర్త్ 1995లోనే, యంత్రాలు వేగం పుంజుకునేదానికన్నా త్వరగా సాఫ్ట్‌వేర్ బరువెక్కుతోందని వాపోయాడు. నేనూ ఆ పాపంలో భాగస్థుణ్ణే. మెమరీ చాలకపోతే ప్రోగ్రాం సరిదిద్దడం కన్నా ఇంకో సర్వర్ అడగడం తేలిక. వడ్డీ ఇంకెవరో కడుతున్నప్పుడు పొదుపు ఎవరికి గుర్తొస్తుంది?

చిప్ కంపెనీలు కలిసి రాసుకున్న ఆ దారిపటం చివరి ప్రతి 2016లో వచ్చింది. మూర్ 2023 మార్చి 24న తొంభై నాలుగేళ్ళ వయసులో పోయాడు. అప్పటికే కొత్త గీత తయారుగా ఉంది. కృత్రిమ మేధ నమూనాల సైజు, వాటికి వాడే చిప్‌ల సంఖ్య. ఇందాక చెప్పిన హెచ్100 పూర్తిస్థాయిలో పనిచేసేటప్పుడు 700 వాట్ల దాకా తాగుతుంది. అంటే వంటింట్లో మిక్సీ రాత్రీ పగలూ ఆపకుండా తిరుగుతున్నట్టు. అలాంటివి వేల కొద్దీ ఒకే కప్పు కింద. డెన్నార్డ్ లెక్క పనిచేసిన రోజుల్లో గీత పైకి పోవడానికి తెలివి సరిపోయేది. ఇప్పుడు కరెంటు, నీళ్ళు, అప్పుగా తెచ్చిన డబ్బు కావాలి.

పోయిన ఏడాది మా ఆఫీసులోనూ ఒక గీత చూపించారు. ఇంజనీరుకి పడే పని ఏటా ఎంత పెరగాలో, కొత్త పనిముట్లతో అది ఎందుకు 'సహజమో' చెప్పారు. ఆ మాట వినగానే నాకు షిప్‌రాక్ కరపత్రం గుర్తొచ్చింది. మూడు నెలలకి మా టీమ్ తొమ్మిదిమంది నుంచి ఐదుగురికి వచ్చింది. మిగిలిన ఐదుగురిలో నేనున్నాను. వెళ్ళిన నలుగురిలో ఒకామె నాకు పని నేర్పిన మనిషి. ఆ మీటింగులో నేనేమీ అడగలేదు. తర్వాత కూడా అడగలేదు. నోటు మీద సాక్షి సంతకం పెట్టినవాడికి, అప్పు తీసుకున్నవాడు మునిగినా తన జేబు భద్రం. ఆ రోజు నా పరిస్థితి అదే.

సంక్రాంతికి ఇంటికెళ్తే అటక మీంచి ఆ పాత కంప్యూటర్ దించాం. చివరికి ఆ రోజు కోర్ 2 డ్యుయోనే కొన్నాం. పాత ఇనుము కొనే అతను తూకం వేసి మూడొందలిచ్చాడు. నాన్న ఆ నోట్లు మడిచి జేబులో పెట్టుకుంటుంటే, అప్పట్లో తెచ్చిన ముప్పై వేలు తీర్చడానికి ఎన్నాళ్ళు పట్టిందని అడిగాను. నాలుగేళ్ళన్నాడు. నాలుగేళ్ళంటే గీత లెక్కన నాలుగు రెట్లు. ఆయన అప్పు తీరేసరికి ఆ పెట్టె విలువ పోయింది.

"నష్టమే కదా నాన్నా" అన్నాను.

"నువ్వు బాగుపడ్డావుగా" అన్నాడు.

మూడున్నర వడ్డీతో బాగుపడినవాణ్ణి చూళ్ళేదన్న మనిషి ఆయనే. ఆ మాట గుర్తు చేద్దామనుకున్నాను. కానీ అలా చేస్తే, నా తరఫున కట్టినవాళ్ళెవరో కూడా ఆయనకి చెప్పాలి. తీగలు అతికించిన వాళ్ళ దగ్గర్నుంచి నాకు పని నేర్పిన ఆమె దాకా. ఆ జాబితా నా దగ్గర ఇంకా పూర్తి కాలేదు.